మక్కు ఆరేదాకా

ఆ ఎండాకాలం మా మరిది జాన్‌బాబు ఓడ దిగి వస్తూ నాకు నైలాన్ చీర, మా ఆయనకి గడియారం, మా ఎలిజబెత్‌కి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పెట్టెలో బొమ్మ ఉంటుందనుకుని పిల్ల ఆత్రంగా విప్పింది. పల్చటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, రంగురంగుల పాచికలు కొన్ని ఉన్నాయి. ఒక పాచికకి నాలుగే ముఖాలు, ఇంకొకదానికి ఇరవై. బొమ్మ మాత్రం లేదు.

"ఇదేం ఆట బాబాయ్? గళ్లు లేవు, పిక్కలు లేవు," అంది పిల్ల.

"గళ్లన్నీ ఇక్కడుంటయ్," అని జాన్‌బాబు కణత మీద వేలు పెట్టుకున్నాడు. "నేను కథ చెప్తా. మీరు ఆ కథలో మనుషులు. 'తలుపు తన్నాను' అంటావు నువ్వు. తలుపు విరిగిందా, నీ కాలు విరిగిందా అనేది పాచిక చెప్పుద్ది."

అతనిది ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు పని. అమెరికా రేవులో ఏదో మరమ్మతుకని ఓడ పన్నెండు రోజులు నిలిచిపోతే, అక్కడి కుర్రాళ్లు నేర్పారట.

అప్పుడు మేం కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లింట్లో రెండు గదులు తీసుకుని ఉన్నాం. మా ఆయన సొలొమోను థర్మల్ స్టేషను కడుతున్నచోట స్టోర్సులో గుమాస్తా. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు అది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, నాకు గుండె దడ. పిల్ల బడి నుంచి ఐదు నిమిషాలు ఆలస్యమైతే రైలు గేటు దాకా పరిగెత్తేదాన్ని. బైబిల్లో అన్నిటికీ కంగారుపడే మార్త పేరు నీకు సరిగ్గా సరిపోయిందని మా ఆయన నవ్వేవారు.

ఆ ఏడు నా దడకి ఇంకో కారణం కూడా ఉంది. జూన్‌లో పిల్ల బెజవాడ హాస్టల్లో ఆరో క్లాసులో చేరాలి. నేనెప్పుడూ దాన్ని ఒక్క రోజు వదిలి ఉండలేదు. చేతిలో ఉన్నవి తొమ్మిది ఆదివారాలు.

మొదటి ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, వెనక పంచలో చాప పరుచుకుని కూర్చున్నాం. ఎవరు ఏ మనిషి అవ్వాలో తేల్చుకోవాలన్నాడు జాన్‌బాబు.

"నేను మాంత్రికుణ్ణి," అన్నారు మా ఆయన, పుస్తకం ముందే లాక్కుని.

"మంత్రాలంటే తప్పు కాదూ? ఇప్పుడేగా ప్రార్థన చేసుకొచ్చాం," అన్నాను.

"పాము పటంలో పాము మింగితే నిజంగా చచ్చిపోతున్నామా వదినా? ఇదీ అంతే."

ఎలిజబెత్ గాయాలు మాన్పే భక్తురాలయింది. దానికీ మంత్రాలున్నాయి, కాకపోతే కొంచెం తక్కువ. పేజీల నిండా ఇంగ్లీషులో జాబితా. వాళ్ల నాన్న పక్కన చేరి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ అప్పుడే చదవడం మొదలుపెట్టింది.

"వదినకి కత్తివీరుడు," అన్నాడు జాన్‌బాబు. "నీకు చదివే పనేం లేదు. కొట్టడమే."

అతను మామూలుగానే అన్నాడు. నేను ఎనిమిదో క్లాసు మధ్యలో మానేసిన సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. నేనూ మామూలుగానే తలూపాను.

చెప్పొద్దూ, ఆ మొదటి మూడు ఆదివారాలూ నాకెంత బాగున్నాయో! మన కొండమీద కోటలాంటిదే ఒక పాడుబడ్డ కోట. దాన్నిండా దొంగలు. అప్పటికి మా ఆయనకి ఒకే ఒక్క మంత్రం వచ్చు. అదయిపోతే ఆయన స్తంభం చాటున నక్కేవారు. పిల్ల కూడా నా కొంగు పట్టుకున్నట్టే నడిచేది. తలుపు నేను తన్నాలి, దొంగని నేను కొట్టాలి. బతుకులో ఎవర్నీ చెయ్యెత్తి ఎరగని దాన్ని, ఇరవై ముఖాల పాచిక గుప్పిట్లో గిలకొట్టి విసిరి, "పడ్డాడా లేదా?" అని అరిచేదాన్ని.

"పడ్డాడు వదినా! వాడి కిందున్న మెట్టు కూడా విరిగింది!"

ఎలిజబెత్ చప్పట్లు కొట్టేది. వారమంతా బడిలో చెప్పుకుంది, మా అమ్మ ఏడుగురు దొంగల్ని కొట్టిందని. వాళ్ల టీచరు గుడి దగ్గర కనపడి నన్ను అదోలా చూసింది.

ఆటలో గెలిచేకొద్దీ మన మనిషికి బలం పెరుగుతుంది. అక్కడే వచ్చింది తంటా. నాకు పెరిగింది కండ. నాలుగు దెబ్బలు ఎక్కువ తట్టుకుంటాను, అంతే. మా ఆయనకి పెరిగినవి మంత్రాలు. నిద్రపుచ్చేది, గాల్లో ఎగిరేది, తాళం తీసేది, ఆఖరికి నిప్పుముద్ద విసిరేది. నేను తలుపు తన్నడానికి కాలెత్తేలోపే, "ఆగు మార్తా, తాళం తీసే మంత్రముంది," అనేవారు. నది అడ్డమొస్తే ఈదుతాననేదాన్ని. అందర్నీ ఎగరేసి అవతల దింపేవారు. దొంగలు ఇరవైమంది కనపడితే నేను కత్తి దూసేలోపు నిప్పుముద్ద. పొగ తేరాక చూస్తే కొట్టడానికి నాకొక్కడూ మిగిలేవాడు కాదు.

ఐదో ఆదివారం చీకటి గుహలోకి దిగుతున్నాం. "నేనేం చేయాలి?" అనడిగాను.

ఎలిజబెత్ పుస్తకంలోంచి తలెత్తకుండానే చెప్పింది. "నువ్వు లాంతరు పట్టుకుని వెనకాల నిలబడమ్మా. మూటలు కూడా నీ దగ్గరే ఉంచుకో. నేనూ నాన్నా చూసుకుంటాం."

పిల్ల మనసులో ఏమీ లేదు. వంటింట్లోంచి గ్లాసు తెమ్మన్నంత తేలిగ్గా అంది. నేను మాత్రం రోజులు లెక్క వేసుకున్నాను. పది రోజులు పోతే మే నెల సగమైపోతుంది. జూన్‌లో ఇది వెళ్లిపోతుంది. అక్కడ ఇంగ్లీషు చదివే పిల్లల మధ్య కూర్చుని అమ్మని తలుచుకుంటే, దానికి గుర్తొచ్చేది వెనకాల లాంతరు పట్టుకున్న మనిషా?

టీ పెట్టొస్తానని లేచాను. ఎవరూ ఆట ఆపలేదు. అదింకా గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున జాన్‌బాబు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "వదినా, నీకు ఆట విసుగొస్తోందిగా?"

"నాకేం విసుగు. మీరు ఆడుకోండి, నేను టీలూ పకోడీలూ చూసుకుంటా."

"నువ్వు లేచిపోతే ఆట పాడవుద్ది. ఓడలో కూడా ఇదే గొడవ. కత్తివాళ్లు మూడు వారాలు ఆడి మానేసేవాళ్లు. ఏదో ఒకటి చేస్తాలే, ఉండు."

చేశాడు. ఆ వారం కథలో నాకొక మాయకత్తి దొరికింది. దాన్ని తీయగానే వెలుగొస్తుంది. మా ఆయన పకపకా నవ్వారు. "చివరికి కత్తికి కూడా మంత్రమే దిక్కయిందా!" దాంతో ఆ కత్తి నాకు అడిగి పుచ్చుకున్న పులుసులా చప్పబడిపోయింది.

జాన్‌బాబు ఇంకో కట్టడి పెట్టాడు. రోజుకి రెండే మంత్రాలు, మళ్లీ నిద్రపోయి లేస్తేనే కొత్తవి వస్తాయన్నాడు. ఏం లాభం? మా ఆయన రెండు మంత్రాలూ కొట్టేసి, "ఇక పడుకుందాం," అనేవారు. గుహ మధ్యలో పట్టపగలే పడకలు.

"మిట్టమధ్యాహ్నం పడకేంటండీ?"

"నీకు తెలీదు, మాంత్రికుడికి విశ్రాంతి కావాలి."

"ఇంట్లోనూ అదేగా చెప్తారు," అన్నాను. జాన్‌బాబు పుస్తకంతో మొహం కప్పుకున్నాడు.

మేం అద్దెకున్న ఇంటివాళ్లావిడ పేరు సుబ్బరత్నం. నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ భర్త, కొడుకులు తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కుతారు. తల వేరే, మొండెం వేరే, చేతులు వేరే చెక్కి, చింతగింజల పిండీ రంపంపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అది ఎండలో ఆరాక ఇంట్లో ఆడవాళ్లు రంగులు వేస్తారు. మేకవెంట్రుకల కుంచె పట్టడం పిన్నిగారు నాకు నేర్పారు. మధ్యాహ్నాలు పక్కన కూర్చుని ఏనుగు అంబారీలకి చుక్కలు పెట్టేదాన్ని.

మా ఆట చూసి పిన్నిగారి ఆయనకి ముచ్చటేసింది. మిగిలిపోయిన కర్రముక్కలతో మూడు బొమ్మలు చెక్కిచ్చారు. గడ్డం మాంత్రికుడు, జడేసుకున్న పిల్ల, కత్తెత్తిన వీరుడు. వీరుడి కుడిచెయ్యి భుజం దగ్గర నేనే అతికాను. రంగులు మీరే వేసుకోండమ్మా అన్నారు.

అది శనివారం సాయంత్రం. మర్నాటికల్లా బొమ్మలు సిద్ధం చేయాలని నా ఆరాటం. ఆటలో ఎటూ చేసేదేం లేదు, బొమ్మయినా బాగుంటే పిల్ల దానివంక చూస్తుందని ఆశ. మిగతా రెండూ ఆరిపోయాయి. వీరుడి భుజం దగ్గర మక్కు వేలికి ఇంకా మెత్తగా తగులుతోంది. అయినా ఊరుకోలేకపోయాను. ఎర్రచొక్కా, బంగారురంగు నడికట్టు, మీసాలు వేసేశాను.

ఆదివారం చాప మధ్యలో బొమ్మలు నిలబెట్టగానే ఎలిజబెత్ "అబ్బ!" అంది. నా వీరుణ్ణి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. మెట్లబావిలో నల్లమొసలి ఉందని జాన్‌బాబు కథ ఎత్తుకున్నాడు. నేను వీరుణ్ణి పట్టుకుని, "నేను ముందు దిగుతాను," అని టక్కున పెట్టాను.

కత్తితో సహా కుడిచెయ్యి ఊడి మా ఆయన ఒళ్లో పడింది.

అందరూ ఒకేసారి నవ్వారు. "మొసలి చూడకుండానే చెయ్యి పోయిందే!" అన్నారు మా ఆయన. ఎలిజబెత్ పొట్ట పట్టుకుని చాప మీద దొర్లింది. నేనూ నవ్వాననుకుంటాను. కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి.

అరుగు మీద కూర్చుని ఉన్న పిన్నిగారు లేచి వచ్చారు. చెయ్యి తీసుకుని అతుకు చూశారు.

"అమ్మాయ్, మక్కు ఆరకుండా రంగేశావా?"

"ఇవాళ్టికి కావాలని తొందరపడ్డానండీ."

"నీ తొందర దానికెట్టా తెలుస్తుందే? ఎంత మొనగాడు చెక్కినా, నేనెంత సింగారంగా రంగేసినా, ఆరేదాకా ఆగాల్సిందే. ఆగడమంటే ఊరికే ఆగడమా? కోళ్లొచ్చి పొడుస్తయ్, మేక నాకుద్ది, పిల్లలు తొక్కుతారు. ఎవరో ఒకరు కర్ర పట్టుకుని కాపలా ఉండాలి. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో రెండేళ్లు నాకదే పని. మా అత్త కుంచె ముట్టనిచ్చేది కాదు. ఒకరోజు కోపమొచ్చి కర్ర అవతల పారేసి లోపలికి పోయా. సాయంత్రానికి ముప్పై బొమ్మలు నాశనం. అప్పట్నుంచి మా మామగారు నన్ను అడక్కుండా మక్కు కలిపితే ఒట్టు." అని ఆవిడ వీరుణ్ణి, చేతిని తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

జాన్‌బాబు కథ మళ్లీ మొదలుపెట్టబోయాడు. నాకు ఆ మాటే వినపడుతోంది. ముప్పై బొమ్మలు. కర్ర పట్టుకున్న మనిషి.

"ఆగు జాన్‌బాబూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మంత్రం నోటితో అనగానే ఎట్టా అయిపోద్ది? దానికి మాత్రం ఆరే టైము అక్కర్లేదా?"

"అంటే?"

"మంత్రం మొదలుపెట్టాక ఆరాలి. చిన్నదానికి ఒక వంతు, అంటే అందరం తలోసారి ఆడేదాకా. నిప్పుముద్దలాంటి పెద్దదానికి అట్టాంటివి మూడు వంతులు. ఈలోపు ఎవరైనా వచ్చి ఒక్క దెబ్బ వేశారా, ఆ మంత్రం ఊడిపోద్ది. ఆ రోజుకి మళ్లీ రాదు."

మా ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఇది పుస్తకంలో లేదు."

"పుస్తకం రాసినోడు కొండపల్లి ఎప్పుడొచ్చాడన్నయ్యా?" అన్నాడు జాన్‌బాబు. అతని కళ్లు మెరుస్తున్నాయి. "చెప్పు వదినా. మరి కత్తికో?"

"కత్తికి ఆరేదేముంది? తగిలితే తగిలినట్టే. ఇంకోటి. నేను కాపలా ఉన్నప్పుడు నా పక్కనుంచి ఎవడు దాటబోయినా నాకొక దెబ్బ ఊరికే వేయనివ్వాలి. కోడి అయినా సరే, కర్రదెబ్బ తినకుండా దాటిపోకూడదు."

"అంటే నన్ను చేతులు కట్టేసి కూర్చోబెడతావా?" అన్నారు మా ఆయన.

"మీ మంత్రం తగ్గించమన్నానా? ఎంత పెద్దదైనా వేసుకోండి. రోజుకి రెండే అన్న కట్టడి కూడా తీసేద్దాం. ఆరనివ్వమంటున్నా, అంతే."

రెండే మంత్రాల కట్టడి పోతుందన్న మాట ఆయనకి నచ్చినట్టుంది. "సరే, ఒక్కసారి చూద్దాం," అన్నారు.

నా వీరుడి బదులు చాప మీద ఒక చింతగింజ పెట్టుకున్నాను. మెట్లబావి అడుగున నల్లమొసలి. పైమెట్ల నుంచి నలుగురు దొంగలు దిగుతున్నారు. మా ఆయన నిప్పుముద్ద మొదలుపెట్టారు. మూడు వంతులు. మొదటి వంతులో ఒక దొంగ నన్ను దాటి ఆయన మీదికి పోబోయాడు. పాచిక వేశాను, పదిహేడు. నీళ్లలో పడ్డాడు.

"అట్టా కాచుకో, అట్టా," అన్నారు మా ఆయన, నిజంగానే కాళ్లు దగ్గరికి ముడుచుకుంటూ.

రెండో వంతులో ఇంకొకణ్ణి పడగొట్టాను, కానీ వాడి కత్తి నాకూ తగిలింది. ఎలిజబెత్ నా గాయం మాన్పడానికి చిన్న మంత్రం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే జాన్‌బాబు గొంతు తగ్గించాడు. "మొసలి తోక తిప్పింది. నీళ్లలోంచి ఎలిజబెత్ మీదికి వస్తోంది. అదే టైముకి మిగిలిన ఇద్దరు దొంగలు అన్నయ్య మీదికి దూకుతున్నారు. వదినా, నువ్వొక్కదానివి. ఎవరి ముందు నిలబడతావు?"

అది ఆటని తెలుసు. మొసలి చింతగింజ కన్నా పెద్దది కాదని తెలుసు. అయినా నా చెయ్యి దానంతటదే పిల్ల వైపు కదిలింది.

"అమ్మా, నాన్న దగ్గరికి పో!" అంది ఎలిజబెత్. పుస్తకం ఎప్పుడు మూసేసిందో, నా వంకే సూటిగా చూస్తోంది. "నాది చిన్న మంత్రం, పోతే పోద్ది. నాన్నది ఇంకొక్క వంతులో ఆరిపోద్ది. నువ్వు కాయకపోతే అందరం పోతాం."

"మొసలి నిన్ను కరుస్తుందే."

"కరిస్తే కరవనీ. నాకు పదకొండు ప్రాణాలున్నయ్. నేను తట్టుకుంటానమ్మా."

ముగ్గురూ నా చేతి వంకే చూస్తున్నారు. లాంతరు పట్టుకున్న మనిషి వంక ఎవరూ అలా చూడరు. నేను చింతగింజని ఎత్తి మా ఆయన ముందు పెట్టాను.

దొంగలిద్దరికీ రెండు పాచికలు వేశాను. ఒకడు పడ్డాడు. రెండోవాడు కత్తి నాకే దించాడు కానీ ఆయన దాకా పోలేకపోయాడు. మొసలి పిల్లని కరిచింది. జాన్‌బాబు పాచిక వేసి లెక్క చెప్పాడు. పదకొండులో ఎనిమిది పోయాయి. పిల్ల మంత్రమూ ఊడిపోయింది. మూడు ప్రాణాలతో అది మెట్టు పట్టుకుని నిలబడింది.

"ఆరింది!" అని అరిచారు మా ఆయన. "నిప్పుముద్ద!"

ఆ అరుపుకి పెరట్లో కోళ్లు చెల్లాచెదరయ్యాయి. మొసలి బావితో సహా ఉడికిపోయింది.

మా ఆయన ఒళ్లంతా చెమటలు. ఇన్ని వారాల్లో ఆయన అంత సంబరపడటం నేను చూడలేదు. "ఏం భయమేసింది మార్తా! ఇదివరకు అనగానే అయిపోయేది, ఏముంది అందులో?" అన్నారు. ఎలిజబెత్ మోకాళ్ల మీద జరుగుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నువ్వు వెళ్లవనుకున్నా," అంది మెల్లగా.

"నేనూ అనుకున్నా," అన్నాను.

ఆ తర్వాత మిగిలిన రెండు ఆదివారాలూ నేను టీకి లేస్తే ఆట ఆగింది. "అమ్మ రానీ, అమ్మ లేకుండా మంత్రం ఎట్టా మొదలుపెడతాం?" అని పిల్ల పాచికలు దాచిపెట్టేది. జాన్‌బాబు ఆ నియమాన్ని పుస్తకం చివరి ఖాళీ పేజీలో ఇంగ్లీషులో రాసుకున్నాడు. కింద తెలుగులో "మార్త వదిన మక్కు" అని రాశాడు. ఓడలో కూడా అదే పెడతానన్నాడు. అన్నట్టు, పుస్తకంలో మంత్రాల పేర్లన్నీ ఎలిజబెత్ నాకోసం తెలుగులో ఒక నోటుబుక్కులో రాసింది. ఏ మంత్రానికి ఎన్ని వంతులు కాయాలో కాపలావాళ్లకి తెలియాలంది. పొయ్యి దగ్గర కూర్చుని చదువుకునేదాన్ని. కొన్ని చోట్ల దాని వత్తులు తప్పు. నేనే దిద్దాను.

బెజవాడ బస్సు ఎక్కాల్సిన రోజు పొద్దున్నే నేను దాని ట్రంకుపెట్టె సర్దుతున్నాను. గౌన్లు ఆరు, తువాళ్లు రెండు, జ్వరం మాత్రలు, మళ్లీ జ్వరం మాత్రలు. ఎలిజబెత్ వీరుడి బొమ్మతో వచ్చింది. నేను ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని అతికిన చెయ్యి అది. పిన్నిగారు లోపల దాచిన బొమ్మనీ చేతినీ అడిగి తెచ్చుకుని, అంతకు ముందురోజే మక్కు పెట్టాను.

"ఇది నేను తీసుకుపోతా. అక్కడ అమ్మాయిలకి ఆట నేర్పాలి. నేను కత్తివీరుణ్ణవుతా."

"మంత్రాలు వద్దా?"

"మంత్రాలు ఎవరైనా చదువుతారులే." అంటూ బొమ్మ భుజం నాకు చూపించింది. "ఆరిందా?"

గోటితో నొక్కి చూశాను. లోపల ఇంకా కొంచెం మెత్తగా ఉంది. బస్సుకి రెండు గంటల టైముంది. ఆ మాటే చెప్పాను.

అది గొడవ చేయలేదు. బొమ్మని పంచ చివర ఎండ పడేచోట నిలబెట్టి, పిన్నిగారి కర్ర అడిగి తెచ్చుకుని, కొత్త గౌనుతోనే పక్కన బాసింపట్టు వేసుకు కూర్చుంది. కోడిపెట్ట ఒకటి అటుగా వస్తే కర్ర నేలకేసి కొట్టింది. నేను లోపల మళ్లీ మొదటి నుంచీ గౌన్లు మడత పెట్టుకుంటూ, ఆ కర్ర చప్పుడు వింటూ ఉండిపోయాను.